సహకార భర్త ధ్రువపత్రం

ఆ సోమవారం పొద్దున లచ్చవ్వ ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరెవరంటే: లచ్చవ్వ, నెలలు నిండి పుట్టింటికి వచ్చిన ఆమె పెద్దకూతురు రజిత, రజిత మూడేళ్ల బిడ్డ ఆద్య, రజిత భర్త సంపత్, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న, కొత్తవాళ్లు పలకరిస్తే గొంతు పెగలని చిన్నకూతురు పావని, ఇంకా, పక్కింటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్న ముగ్గురు సభ్యుల భర్త సహకార పరిశీలన కమిటీ.

ఈ కమిటీ ఎందుకు వచ్చిందో ముందు చెప్పుకోవాలి.

రజితకు మొదటి కాన్పు ఆపరేషన్. ఆద్య కడుపులో తలకిందులుగా తిరగాల్సింది తిరగకుండా కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చుంది. ఈసారి బిడ్డ బుద్ధిగా తల కిందికి పెట్టింది. పట్నంలోని సర్కారు దవాఖానాలో డాక్టర్ అరుంధతి పాత కాగితాలన్నీ చదివి, "పాత కోత కిందివైపు అడ్డంగా ఉన్నది, మూడేండ్లు దాటింది, బిడ్డ బరువు సరిపోను ఉన్నది. నార్మల్‌కు ప్రయత్నం చేద్దాం. నేను దగ్గర్నే ఉండి చూస్త. ఏమన్న తేడా వస్తే పక్కనే థియేటర్" అంది. రజితకు కావలసింది అదే. మొదటిసారి నెలరోజులు వంగి బిడ్డను ఎత్తుకోలేకపోయిన బాధ ఆమెకు ఇంకా గుర్తుంది. సంపత్ ప్రతి పరీక్షకూ వెంట వచ్చాడు. డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే రెండోసారి అడిగేవాడు.

సరిగ్గా అంతకు ముందు నెల అదే దవాఖానాలో ఇలాంటి కాన్పు ఒకటి బాగా జరిగింది. డాక్టర్ అరుంధతి దాని మీద నాలుగు పేజీల నివేదిక రాసింది. పాత కోత గురించి ఒక పేజీ, బిడ్డ గుండె చప్పుడు గురించి ఒకటి, నొప్పుల తీరు గురించి రెండు. చివరన సగం పంక్తి మిగిలితే, "భర్త వెంటే ఉండి ధైర్యం చెప్పాడు" అని చేర్చింది. ఆ నివేదిక పై కార్యాలయానికి వెళ్లింది. అక్కడివాళ్లకు నాలుగు పేజీల్లో అర్థమైంది ఆ సగం పంక్తే. అందరికీ ఒక్కసారిగా మెరుపు మెరిసినట్టయింది. కాన్పు బాగా కావడానికి కారణం భర్త!

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "పూర్వ శస్త్రచికిత్స గల గర్భవతికి సాధారణ ప్రసవమునకు యత్నించవలెనన్న, ఆమెకు సహకరించు భర్త కలడని ధ్రువీకరింపబడి ఉండవలెను. ధ్రువపత్రము లేని యెడల దస్త్రము నేరుగా ఆపరేషన్ థియేటరుకు పంపబడును." ఉత్తర్వులో దస్త్రం అని మాత్రమే ఉంది. దస్త్రం వెనకాల మనిషి కూడా పోవాల్సి ఉంటుందని అందరికీ తెలుసు.

అందుకే సోమవారం కమిటీ వచ్చింది. పెద్దాయన నోడల్ అధికారి దామోదర్ రావు. ఆయన ఎడమవైపు కూర్చున్న సూపర్‌వైజరమ్మ ఒడిలో మార్కుల పట్టిక, కుడివైపు కూర్చున్న కుర్రాడి చేతిలో ఫొటోలు తీసే ఫోను.

"గృహ వాతావరణము సహజముగా ఉండవలెను. మేము ఇక్కడ లేమని భావించండి" అన్నాడు దామోదర్ రావు. "అంశం ఒకటి. ఊడ్చుట."

సంపత్ మూలన ఉన్న చీపురు అందుకున్నాడు. రెండు ఊపులు ఊడ్చాడో లేదో, లచ్చవ్వ వంటింట్లోంచి పరుగున వచ్చి లాక్కుంది.

"అయ్యయ్యో! అల్లునితోని చీపురు పట్టిస్తరా? ఊరోళ్లు జూస్తె నన్ను బతకనిస్తరా?"

"అత్తా, ఇది పరీక్షనే. ఇయ్యి" అన్నాడు సంపత్.

"ఏం పరీక్ష బిడ్డా! నువ్వు కూసో. చాయ్ పెట్టిన."

దామోదర్ రావు చెబుతుంటే సూపర్‌వైజరమ్మ రాసుకుంది: "భర్త చీపురు పట్టెను. అత్త లాగుకొనెను. పరిశీలన ముగిసే సమయానికి చీపురు అత్త వద్ద కలదు."

ఎవరూ లేనప్పుడు ఇంట్లో సంగతి వేరు. సంపత్‌కు బోరు మోటార్లకు రాగి తీగ చుట్టే దుకాణం ఉంది. సాయంత్రం దుకాణం కట్టేసి, అత్తగారి ఊరికి పది కిలోమీటర్లు వచ్చి, ఆద్యకు తలంటి, బట్టలు ఆరేసి, రజిత నడుము పట్టేస్తే పిసికి, పొద్దున్నే వెళ్లేవాడు. లచ్చవ్వ అప్పుడేమీ అనేది కాదు. నలుగురు చూస్తున్నప్పుడు మాత్రం అల్లుడి చేతికి నీళ్ల గ్లాసు కూడా బరువే. ఈ మాట కమిటీకి చెబుదామని పావని నోరు తెరిచింది. మాట గొంతుదాకా వచ్చి, దామోదర్ రావు కళ్లజోడు చూసి, వెనక్కి వెళ్లిపోయింది.

అంట్లు తోముట అనే అంశంలో గిన్నె లచ్చవ్వ చేతికి వెళ్లింది. నీళ్లు మోయుట అనే అంశంలో బిందె లచ్చవ్వ చంకకెక్కింది. ఇదంతా జరుగుతుండగా అల్లుడు ఆకలితో ఉన్నాడని ఆమెకు అనుమానం వచ్చి, పళ్లెంలో మూడు గుడ్లు, నాలుగు గారెలు పెట్టి బలవంతంగా అతని ముందుకు తోసింది. ఫోను కుర్రాడు సరిగ్గా ఆ క్షణంలో ఫొటో తీశాడు.

దామోదర్ రావు ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. "ఈ ఇంటిలో తమరి హోదా ఏమిటి?"

"అల్లున్ని సార్."

"అల్లుడనగా అతిథి. అతిథి సేవలు పొందును, చేయడు. పుట్టింట ఉన్న స్త్రీకి భర్త సాంకేతికముగా అతిథి మాత్రమే. ఇది మా దృష్టికి ఇప్పుడే వచ్చినది." ఆయన కళ్లజోడు సర్దుకుని, "చాలా లోతైన సమస్య" అన్నాడు, గర్వంగా.

తర్వాత అంశం ధైర్యవచనములు. గంటకు అయిదుకు తక్కువ కాకూడదు. సంపత్ రజిత పక్కన కూర్చుని, "ఏం గాదు. నేనున్న" అన్నాడు. సూపర్‌వైజరమ్మ ఒకటి అని గీత పెట్టి, పెన్ను ఎత్తి ఎదురు చూసింది.

"ఇంకా నాలుగు మిగిలినవి" అన్నాడు దామోదర్ రావు.

"ఒక్కసారి చెప్తె ఆమెకు సమజైతది సార్."

రజితకు ఓపిక అయిపోయింది. "నొప్పి లేస్తె ఈయనే నడుం పిసుకుతడు సార్. అది రాసుకోరాదుండ్రి."

"లబ్ధిదారు మాట స్వీకరించబడదు. లబ్ధిదారుకు స్వప్రయోజనం ఉంటుంది" అన్నాడు దామోదర్ రావు.

నూటికి ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై అయిదు వస్తే పాసు. ఫెయిలైన భర్తల కోసం మరుసటి రోజు నుంచి దవాఖానా మేడ మీద మీటింగు హాల్లో నాలుగు రోజుల శిక్షణ, శనివారం నాడు మౌఖిక పరీక్ష అని కాగితం చేతికిచ్చి, లచ్చవ్వ ఇచ్చిన గారెలు తిని, కమిటీ వెళ్లిపోయింది.

పావని కాలేజీ పట్నంలోనే. శిక్షణ మొదటి రోజు మధ్యాహ్నం బావకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లి, మీటింగు హాలు గుమ్మంలో నిలబడిపోయింది. లోపల పన్నెండు మంది భర్తలు చాప మీద కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక దిండు. దిండు మీద నంబరు. దిండే భార్య.

"దిండు ఎడమ చెవి వద్ద ధైర్యవచనము పలుకుము. ఇప్పుడు కుడి చెవి" అని దామోదర్ రావు చెబుతుంటే పన్నెండు మందీ వంగి పలుకుతున్నారు. అందరికంటే బాగా పలుకుతున్నవాడు రాజమల్లు అనే మేకల కాపరి. "లేవే నా తల్లి, ఇంకొక్క అడుగు, అంతే, అంతే నా బంగారం" అని అతను దిండు వీపు నిమురుతుంటే పక్కవాళ్ల కళ్లు చెమర్చాయి.

"ఇంత సహజముగా ఎట్లు పలుకుచున్నారు?" అని దామోదర్ రావు మురిసిపోయాడు.

"ఈనే మేకలతోని మాట్లాడిన అలవాటే సారూ" అన్నాడు రాజమల్లు సిగ్గుపడుతూ. అతని భార్యకూ మొదటిది ఆపరేషనే. ఇంకా రెండు నెలలు టైముంది.

సంపత్ చెయ్యెత్తాడు. "సార్, ఇంటికాడ అసలు మనిషే ఉన్నది. నెలలు నిండినయి. ఆమె కాడికి పోయి నేర్చుకుంటె కాదా?"

"అసలు మనిషి మన పాఠ్య ప్రణాళికలో లేదు" అన్నాడు దామోదర్ రావు.

దీనికి తోడు హాజరు యంత్రం ఒకటి. పొద్దునా సాయంత్రం దాని మీద బొటనవేలు పెట్టాలి. పన్నెండేళ్లుగా రాగి తీగ లాగి లాగి సంపత్ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. వేలు పెట్టిన ప్రతిసారీ యంత్రం ఎర్రగా వెలిగి ఊరుకునేది. అది వెలిగి, ఆరి, మళ్లీ వెలిగేలోపు సాయంత్రం బస్సు వెళ్లిపోయేది. దొరికిన ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసరికి అలసిపోయి గోడకు ఒరిగి కూర్చునేవాడు.

"అమ్మా, మా ఆయన నాకు సహకరిస్తలేడే. దిండుకు సహకరిస్తుండు" అని రజిత నవ్వింది. నవ్వుతూనే నడుము మీద చెయ్యి వేసుకుని, "ఆ కాయిదం రాకపోతె మల్ల కోస్తరా పావనీ?" అని అడిగింది. పావని లేచి అక్క నడుము పిసకడం మొదలుపెట్టింది.

శనివారం సంపత్ పరీక్షకు వెళ్లిన గంటకు రజితకు నొప్పులు మొదలయ్యాయి. పరీక్ష హాల్లో ఫోన్లు బయట డబ్బాలో వేయాలి కనుక ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. ఆద్యను పక్కింట్లో వదిలి, అంబులెన్సులో లచ్చవ్వ, పావని రజితను తీసుకుని పట్నం చేరారు. సంపత్ మేడ మీద, రజిత కింద. మధ్యలో ఇరవై రెండు మెట్లు.

డాక్టర్ అరుంధతి పరీక్ష చేసి సంతోషంగా తలూపింది. "మస్తుగ ముందుకు పోతున్నది. బిడ్డ గుండె గట్టిగ కొట్టుకుంటున్నది. ఇట్లనే ఉంటే నార్మల్ అయితది."

రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ హెడ్ సిస్టరు గొంతు తగ్గించింది. "మేడం, భర్త సర్టిఫికెట్ లేదు. రెండు గంటలకు థియేటర్‌కు తీస్కపోను స్ట్రెచర్ వస్తది. పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది."

"బిడ్డకు కష్టమైతే నేనే కోస్త, అప్పుడు ఎవ్వరి సంతకమూ చూడ. కష్టం లేనిదానికి కాయిదం లేదని కోయాల్నా?" డాక్టరు చేతి తొడుగులు తీసి చుట్టూ చూసింది. లచ్చవ్వ కూతురి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. మిగిలింది పావని. "అమ్మాయీ, మీ బావ పైన్నే ఉన్నడు కదా. ఆయన్నూ ఆ కాయిదాన్నీ తీసుకొనిరా. మాట్లాడగలవా?"

పావని వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. లోపల రజిత మూలిగింది. పావని మెట్లెక్కింది. అనాల్సిన మాటను మెట్టుకొకసారి చెప్పుకుంది. హాలు గుమ్మం చేరేసరికి అది ఇరవై రెండుసార్లు చెప్పిన మాట.

లోపల సంపత్ వంతు నడుస్తోంది. దామోదర్ రావు ప్రశ్న చదువుతున్నాడు: "భార్యకు నొప్పులు మొదలైనవని వర్తమానము అందినది. భర్త ప్రథమ కర్తవ్యమేమి? పది మార్కులు."

"బావా!" అంది పావని. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "అక్కకు నొప్పులొస్తున్నయి. కిందనే ఉన్నది. నిన్నే అడుగుతున్నది."

సంపత్ లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. జవాబు పూర్తి కాలేదు" అన్నాడు దామోదర్ రావు.

"ఇదే జవాబు సార్" అని సంపత్ రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు.

దామోదర్ రావు విచారంగా తల ఆడించాడు. "అభ్యర్థి జవాబు చెప్పకనే హాలు విడిచి వెళ్లెను. సహకార గుణము లేదు. అనర్హుడు." మిగిలిన పదకొండు మంది కదలకుండా కూర్చుని ఉన్నారు. వాళ్లందరూ పాసయ్యారు.

పావని కూడా దిగి వెళ్లిపోయేదే. కాయిదం గుర్తొచ్చి కాళ్లు ఆగాయి. బావ ఒక్కడు వెళితే లాభం లేదు. "సార్, కాయిదం లేకుంటె మా అక్కను ఉత్తపుణ్యానికి కోస్తరు సార్. జెర ఇయ్యుండ్రి సార్" అంది. ఏడుపు వచ్చింది గానీ మాట ఆగలేదు.

దామోదర్ రావు చెడ్డవాడు కాడు. నియమాల్లో మనిషికి పనికొచ్చేది ఏదైనా దొరికితే మనస్ఫూర్తిగా సంతోషించే మనిషి. ఉత్తర్వు తీసి, వేలు పెట్టి, మొదటి నుంచి చదివాడు. మూడో పేజీలో వేలు ఆగింది.

"'ప్రసవ సమయమున ధ్రువీకృత సహకార భర్త ఒకరు హాజరై ఉండవలెను.' ఎవరి భర్త అని నిర్దేశించలేదు." ఆయన మొహం వెలిగిపోయింది. "ఆ గర్భవతి భర్త అనర్హుడు. కాని మన వద్ద అర్హత పొందిన భర్తలు పదకొండు మంది సిద్ధముగా ఉన్నారు! రాజమల్లు, తొంభై రెండు మార్కులు, ప్రథమ శ్రేణి. తమరిని ఈ ప్రసవము నిమిత్తము డిప్యుటేషన్ మీద పంపడమైనది."

రాజమల్లు చేతిలో దిండు జారిపోయింది. "నేనా? పరాయి ఆడిబిడ్డ కాన్పుకా? సారూ, మా ఇంటిది సంపుతది!"

"మీ సతీమణి గారికి ప్రతి పంపబడును. సమాచార నిమిత్తము" అని దామోదర్ రావు ముద్ర వేశాడు.

రాజమల్లు పావని మొహం చూశాడు. "ఏడ్వకు బిడ్డా, నడు" అని తువ్వాల తలమీదుగా ముసుగేసుకుని, ధ్రువపత్రం రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు.

కింద ప్రసవ గది ముందు హెడ్ సిస్టరు సంపత్‌ను ఆపి ఉంచింది. రాజమల్లు గోడవైపు తిరిగి నిలబడి, కాయిదం మాత్రం వెనక్కి చాపాడు. సిస్టరు చూసింది, ముద్ర సరిగ్గా ఉంది. రిజిస్టరులో భర్త గడిలో రాజమల్లు అని రాసింది. అంతలో స్ట్రెచర్ తోసుకుంటూ ఇద్దరు వచ్చారు. సిస్టరు కాయిదం చూపించింది. వాళ్లు కాయిదాన్నీ, గోడకు మొహం పెట్టి నిలబడ్డ మనిషినీ చూసి, స్ట్రెచర్ తిప్పుకుని వెళ్లిపోయారు. పావని అప్పుడు ఊపిరి వదిలింది.

"ఇగ నన్ను పోనియ్యి సిస్టర్" అన్నాడు సంపత్.

"నువ్వెవరివి?"

"ఆమె భర్తను."

"భర్త వచ్చిండు కదా. గడి నిండింది. లోపలికి ఇద్దరినే రానిస్తం. ఇగ మిగిలింది తల్లి గడి. ఆమె లోపల్నే ఉన్నది."

డాక్టర్ అరుంధతి గదిలోంచే అరిచింది. "అయితే ఆ తల్లిని బయటికి పంపి ఆయన్ను తోలుండ్రి!"

లచ్చవ్వ గుమ్మంలోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అల్లుడు ఇసొంటి కాడికి వస్తడా డాక్టరమ్మా? నాకు సిగ్గయితది."

"నీ సిగ్గు తర్వాత పడుదువు గాని అమ్మా! ముందు ఆయన్ను రానియ్యి!" అని లోపలి నుంచి రజిత పెట్టిన కేకకు లచ్చవ్వ ఎగిరి వరండాలో పడింది. సంపత్ లోపలికి పోయాడు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదు కనుక సిస్టరు దేన్నీ దిద్దలేదు. ఆ రిజిస్టరు ప్రకారం ఆ మధ్యాహ్నం రజిత పక్కన ఉండాల్సిన భర్త రాజమల్లు, తల్లి సంపత్.

గంట గడిచింది. రాజమల్లు నిజాయితీ గల మనిషి. గంటకు అయిదు ధైర్యవచనాలు చెప్పాలని నేర్చుకున్నాడు కనుక, గోడవైపే తిరిగి, "ఏం గాదు తల్లీ. జెర ఓపిక పట్టు, అయిపోవచ్చింది" అని లెక్క తప్పకుండా చెబుతున్నాడు. వినేది అతని వెనక నేల మీద కూర్చున్న లచ్చవ్వ ఒక్కతే. "నీ నోరు సల్లగుండ కొడుకా, ఇంకోసారి చెప్పు" అని ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

గదిలోంచి డాక్టరు మాటలు, రజిత అరుపులు వినిపించాయి. బావ గొంతు కోసం పావని చెవులు రిక్కించింది. ఒకే ఒక్కసారి వినిపించింది: "నేనున్న."

మూడుంబావుకు బిడ్డ ఏడ్చింది. లచ్చవ్వ గోడకు దండం పెట్టింది. గోడకూ ఆమెకూ మధ్య రాజమల్లు ఉన్నాడు కనుక ఆ దండం అతనికి చెందింది. అతను కూడా తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

పది నిమిషాల్లో దామోదర్ రావు, ఫోను కుర్రాడు, మిగిలిన పదిమంది ధ్రువీకృత భర్తలు వరండాలోకి వచ్చేశారు. దామోదర్ రావు చేతిలో కొత్త ఫారం ఉంది. "డిప్యుటేషన్ పద్ధతి విజయవంతమైనది! జిల్లా అంతటా అమలు చేయవచ్చును. లబ్ధిదారు అభిప్రాయం మాత్రం తక్షణమే సేకరించవలెను." ఆయన అటూ ఇటూ చూసి ఫారం పావని చేతిలో పెట్టాడు. "నీవు బాగుగా మాట్లాడెదవు. వెళ్లి అడుగు తల్లీ."

పావని తలుపు తట్టింది. సంపత్ జానెడు తెరిచాడు. చొక్కా చెయ్యి భుజం దగ్గర చిరిగి ఉంది. మణికట్టు మీద రజిత గోళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఆడపిల్ల. మూడు కిలోలు. మీ అక్క మంచిగున్నది, డాక్టరమ్మ చూసింది" అన్నాడు.

అతని భుజం మీదుగా పావనికి అక్క కనిపించింది. చెదిరిన జుట్టుతో, గుండెల మీద ఎర్రటి చిన్న బిడ్డతో, నీళ్లు తాగుతూ నవ్వుతోంది.

"బావా, అక్కనొక మాట అడగమన్నరు" అని పావని ఫారం చూసి చదివింది. "ఈ కాన్పులో భర్త రాజమల్లు చేసిన సహకారానికి నూటికి ఎన్ని మార్కులేస్తది?"

గదిలోంచి రజిత తలెత్తింది. "రాజమల్లు ఎవలే?"

సంపత్ ఫారాన్ని చూశాడు. వరండాలో వరసగా నిలబడ్డ పదకొండు మంది భర్తలనూ, దామోదర్ రావునూ, ఫొటోకు సిద్ధంగా ఉన్న ఫోనునూ చూశాడు. ఇంట్లో ఎవరి మీదా గొంతెత్తని మనిషి కనుక అప్పుడూ ఎత్తలేదు.

"తర్వాత చెప్త తియ్యి" అని రజితవైపు తిరిగి నవ్వి, పావని ముఖం మీదే మెల్లగా తలుపు మూసేశాడు.